ఎడ్విన్ కారుకు ఏ క్లచ్ వెయ్యాల?

సుభాన్ ఫోన్ చేసినప్పుడు ప్రసన్నకుమారి నంద్యాల కంటి ఆసుపత్రిలో, ఆపరేషన్ అయిన ఒక ముసలామెకు చుక్కల మందు ఎలా వేసుకోవాలో చెబుతోంది. తెలియని నంబరు. రెండుసార్లు కట్ చేసింది. మళ్ళీ మోగేసరికి వరండాలోకి వచ్చి ఎత్తింది.

"ఎడ్విన్ వాళ్ళక్కేనామ్మా? నేను సుభాన్‌ను మాట్లాడతాండా. ఆత్మకూరు రోడ్డులో కార్ల షెడ్డు నాది. తమ్ముని బండి నా కాడనే ఉండాది."

"ఏ బండి?"

"కారుమ్మా. గేర్‌బాక్సు దించి పెట్టినా. ఏ క్లచ్ వెయ్యాలో సోమవారం చెప్తానని పోయినాడు. మళ్ళ రాలే. ఫోన్ చేస్తే ఎత్తలే. నిన్ననే తెలిసింది నాకు... ఏం చెయ్యమంటావమ్మా?"

ఆ సోమవారం నాటికి ఎడ్విన్‌కు జ్వరం ముదిరింది. డెంగ్యూ అన్నారు. కర్నూలు తీసుకుపోయారు. ప్లేట్‌లెట్లు ఎక్కించినా ప్రాణం నిలవలేదు. ఆళ్ళగడ్డలో సమాధి చేసి వచ్చాక కారు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎడ్విన్ నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో పనిచేసేవాడు. పత్తి విత్తనాల ప్యాకెట్లు డిక్కీలో వేసుకుని ఊరూరూ తిరిగేవాడు. కారు కంపెనీ గోడౌన్లో ఉండి ఉంటుందని ప్రసన్న అనుకుంది. అది ఇంటికి రాకపోతేనే మేలని కూడా అనుకుంది.

డ్యూటీ దిగి షేర్ ఆటో ఎక్కి సుభాన్ షెడ్డుకు వెళ్ళింది. రేకుల షెడ్డు. పక్కనే ట్రాక్టర్లు బాగుచేసే చోటు. నీలం రంగు కారు ముందు చక్రాలు ఊడదీసి, స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. గేర్‌బాక్సు కింద గోనెపట్టా మీద ఉంది. సుభాన్ గోరింటాకు పెట్టిన గడ్డంతో, యాభై ఏళ్ళ మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చి, ముందు ఆమెకు కుర్చీ వేశాడు. తర్వాత నల్లగా మాడిన ఒక గుండ్రటి ప్లేటు తెచ్చి చూపించాడు.

"ఇది పాత క్లచ్ ప్లేటమ్మా. వాసన చూడు, కాలిపోయింది."

"ఎట్ల కాలిందన్నా?"

"బూస్టు పెంచినాడు గదా."

ఆమెకు అర్థం కాలేదు. సుభాన్ బానెట్ దగ్గరకు తీసుకుపోయి, వేలు పెట్టి చూపిస్తూ చెప్పాడు.

"ఇది టర్బో. ఇంజన్ పొగ బయటికి పోతా పోతా ఒక ఫ్యాను తిప్పుతాది. దాంతోపాటు ఇంకో ఫ్యాను తిరిగి ఇంజన్లోకి గాలి దోపుతాది. ఆ దోపుడే బూస్టు. ఎంత దోపితే బండికి అంత బలం. మరీ ఎక్కువైతే ఇంజన్ పగులుతాది. అందుకని పొగ దారిలో ఒక తలుపు ఉంటాది, ఎక్కువైన పొగ దాన్ని తెరుచుకుని పోతాది. ఆ తలుపు తొందరగా తెరుచుకోకుండా ఈ కుళాయి పెట్టించుకున్నాడు."

రబ్బరు గొట్టం మధ్యలో చిన్న ఇత్తడి మర ఉంది. నీళ్ళ కుళాయి కంటే చాలా చిన్నది. ప్రసన్న దాన్ని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"దీన్ని తిప్పి బూస్టు పెంచినాడు. ఇంజన్‌కు బలం వచ్చింది. ఆ బలం చక్రాలకు పోవల్లంటే నడుమ క్లచ్ గట్టిగా పట్టుకోవల్ల. పాతది పట్టుకోలేక జారింది. ఇంజన్ అరుస్తాది, బండి పోదు. అట్లనే తోలి తోలి కాల్చినాడు."

బల్ల మీద రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. రెండూ ఎడ్విన్ తెచ్చినవే. ఒకదాంట్లో కారుతోపాటే వచ్చే కంపెనీ రకం క్లచ్. కాలు పెడితే మెత్తగా దిగుతుంది, కానీ బూస్టు అంతే ఉంటే కొన్నాళ్ళకు ఇదీ జారుతుందట. రెండోదాంట్లో ప్లేటు చుట్టూ బిళ్ళలు బిళ్ళలుగా లోహం ముక్కలు ఉన్నాయి.

"బటన్ ప్లేటు ఇది. ట్రాక్టర్లకేస్తారే, ఆ జాతిది. ఎంత బలమిచ్చినా జారదు. కానీ పెడల్ బరువు. కాలు వదిలితే ఒక్కసారే పట్టుకుంటాది, దుమికినట్ల. టౌన్లో నరకం."

"రెండూ ఎందుకు తెచ్చినాడు?"

"అదే నాకూ తెల్దు. రెండూ ఈడ పెట్టి, సోమవారం చెప్తా సుభానన్నా అన్నాడు. ఇంకోటి గూడా అన్నాడు. ఈ కుళాయి తీసేసి కరెంటుతో పనిచేసేది పెడదామని. అదైతే గేరుకు ఒక తీరుగా బూస్టు ఇస్తాది. చిన్న గేర్లలో తక్కువిచ్చి క్లచ్‌ను కాపాడతాది."

"నువ్వైతే ఏది వేస్తావన్నా?"

"బూస్టు ఎంత ఉండాలో చెప్తే క్లచ్ ఏదో చెప్తా."

"బూస్టు ఎంత ఉండాల?"

"క్లచ్ ఏది వేస్తావో చెప్తే బూస్టు ఎంతో చెప్తా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సుభాన్ గడ్డం గోక్కున్నాడు. "నవ్వులాటకు అనడంలేదమ్మా. అది అట్లనే ఉంటాది. ఇట్లాంటి బండ్లు నంద్యాలలో శానా తక్కువ. నేను గూడా చేస్తా చేస్తానే నేర్చుకుంటాండా."

బస్సులో ఇంటికి వెళ్తూ ప్రసన్న ఫోన్లో వీడియోలు చూసింది. ఒకాయన హిందీలో కంపెనీ క్లచ్ చాలన్నాడు. ఇంకొకాయన తమిళంలో నవ్వుతూ ఏదో అన్నాడు, చేతిలో మాత్రం బటన్ ప్లేటు ఉంది. మూడో అతను కుళాయిని చెత్తబుట్టలో పడేసి చూపించాడు. ఆళ్ళగడ్డ వచ్చేసరికి ఆమెకు ముందు తెలిసిన కాస్త కూడా కలగాపులగమైంది.

ఇంట్లో ఇప్పుడు ఇద్దరే. ఆమె, తండ్రి డేనియల్. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా ఆళ్ళగడ్డ డిపోలో చేసి రిటైరయ్యాడు. ఎడమ మోకాలు బస్సు క్లచ్ తొక్కి తొక్కి అరిగిపోయిందని డాక్టర్లు చెప్పారు. ఎడ్విన్ ఆ కారు కొన్నప్పుడు డేనియల్‌కు నచ్చలేదు. ఒకరు వాడి వదిలేసిన బండి కొనడమేంటని ఒక్కరోజు కూడా అందులో కూర్చోలేదు.

"కారు దొరికింది నాయనా," అంది అన్నం వడ్డిస్తూ.

డేనియల్ ముద్ద కలపడం ఆపాడు. "యాడుంది?"

చెప్పింది. ఆయన మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. "అమ్మేయ్."

"గేర్‌బాక్సు కిందుంది. క్లచ్ వెయ్యకుంటే ఎవరు కొంటారు?"

"ఏదో ఒకటి వేసి అమ్మేయ్."

ఆ "ఏదో ఒకటి" ఏదో ఆయనా చెప్పలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ప్రసన్న దినేశ్ దగ్గరకు వెళ్ళింది. దినేశ్‌ది ఆళ్ళగడ్డ మెయిన్ రోడ్డులో టైర్ల దుకాణం. ఎడ్విన్, అతనూ చిన్నప్పటి నుంచి ఒకే బెంచీ. ఆమెను చూడగానే లేచి నిలబడి, ఏం తాగుతావక్కా అని అడిగి, జవాబు వినకుండానే టీ తెప్పించాడు.

"ఎడ్విన్ ఆ కారును ఏం చేద్దామనుకున్నాడో నీకేమన్నా చెప్పినాడా దినేశూ?"

"చెప్పినాడక్కా. బూస్టు తగ్గించి, మెత్తటి క్లచ్ వేస్తానన్నాడు. నాయనతో తోలిపిస్తా ఒకసారి, ఆయన మోకాలికి బరువు పడకూడదు అన్నాడు."

ప్రసన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయితే కంపెనీ రకమే. తేలిపోయింది. ఎందుకిన్ని రోజులు తంటాలు పడ్డానా అనుకుంటూ టీ గ్లాసు అందుకుంది.

"ఎప్పుడన్నాడు అట్ల?"

"ఎండాకాలంలో." దినేశ్ నిజాయితీ గల మనిషి, కొంచెం ఇబ్బందిగా కదిలాడు. "ఆ తర్వాత ఒకసారి ఇంకో మాట గూడా అన్నాడక్కా. బటన్ క్లచ్ వేయించి, కోయంబత్తూరులో రేసు ట్రాక్ ఉంది గదా, ఆడికి పోదాం రారా అన్నాడు. హోటలు గూడా చూసినాడు."

"ఏది నిజం?"

"రెండూ అన్నాడక్కా. రెండుసార్లూ వాడు నవ్వలే, నిజంగానే అన్నాడు."

ప్రసన్న టీ తాగకుండానే గ్లాసు కింద పెట్టింది. తమ్ముడి మీద ఒక్కసారిగా కోపం వచ్చింది. చిన్నప్పుడూ అంతే. దర్జీ దగ్గర రెండు బట్టలు ముందేసుకుని ఇదా అదా అని సాయంత్రం దాకా కూర్చునేవాడు. చివరికి వాళ్ళమ్మ ఏదో ఒకటి లాగి దర్జీకి ఇచ్చేది. ఇప్పుడు లాగి ఇవ్వడానికి అమ్మ లేదు, తిట్టడానికి వాడూ లేడు.

మర్నాడు మళ్ళీ షెడ్డుకు వెళ్ళింది. ఆమె మొహం చూసి, ఇంకా ఏదీ తేలలేదని సుభాన్‌కు అర్థమైనట్టుంది.

"చెప్తే అర్థం కాదులేమ్మా. తోలి చూడు," అన్నాడు.

బేతంచెర్లలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ నడిపే ఒకాయన కారు ఆయిల్ మార్చడానికి వచ్చి ఉంది. దానికీ బూస్టు పెంచి, బటన్ ప్లేటే వేసి ఉంది. సుభాన్ ఆయనకు ఫోన్ చేసి, ఒక రౌండు వేసి వస్తామని అడిగాడు. ప్రసన్నకు లైసెన్సు ఉంది. ఎడ్విన్ మార్కెట్ యార్డులో నేర్పించాడు. కానీ ఈ పెడల్ తొక్కితే గోడను తొక్కినట్టుంది. కాలు వదిలితే కారు ముందుకు గెంతి ఆగిపోయింది.

"నిదానంగా వదల్లమ్మా."

"నిదానంగానే వదుల్తాండా!"

"ఔలే, దీంట్లో నిదానం అనేది లేదు. మర్చిపోయినా."

శ్రీనివాసా సెంటర్‌లో రెండుసార్లు ఆగిపోయింది. వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. ఒక ఆటో అతను పక్కకు వచ్చి తొంగిచూసి, తల ఊపి పోయాడు. ప్రసన్న పిక్క వణకసాగింది. ఇది వద్దే వద్దని ఆమె గట్టిగా అనుకుంటూ ఉండగానే బైపాస్ వచ్చింది. ఖాళీ రోడ్డు. సుభాన్ "ఇప్పుడు తొక్కు" అన్నాడు.

యాక్సిలరేటర్ తొక్కింది. ఒక క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ఎవరో వెనక నుంచి రెండు చేతులతో నెట్టినట్టు కారు దూసుకుపోయింది. ఆమె వీపు సీటుకు అతుక్కుంది. నోట్లోంచి ఏదో కేక వచ్చింది, అది భయమో మరేదో ఆమెకే తెలియలేదు. కాలు తీసేశాక సుభాన్ వైపు తిరిగింది.

"ఇదేనా వానికి కావాల్సింది?"

"ఇదే అనుకుంటా."

నచ్చకూడదనుకున్నది నచ్చింది. అదే ఇంకా పెద్ద చిక్కయింది.

తర్వాతి రోజు పొద్దున బస్సెక్కి సుభాన్‌కు ఫోన్ చేసింది. "బటన్‌దే వెయ్యన్నా. వాడు రెండోసారి అన్నది అదే గదా." బస్సు శిరివెళ్ళ చేరేసరికి శ్రీనివాసా సెంటర్ గుర్తుకొచ్చింది. మళ్ళీ చేసింది. "వద్దన్నా. కంపెనీది వెయ్." నంద్యాలలో దిగాక మూడోసారి చేసేసరికి సుభాన్ ఎత్తీ ఎత్తకముందే అన్నాడు.

"అమ్మా, గేర్‌బాక్సు అంటే కుక్కర్ మూత కాదు, ఊకూకె తీసి పెట్టేకి. నాకు షెడ్డులో జాగా గూడా లేదు. బాగా ఆలోచించుకుని ఒక్కసారే చెప్పు."

ఆ సాయంత్రం ఇంట్లో వాకిట్లో నిలబడి దినేశ్‌తో ఫోన్లో మాట్లాడుతోంది. కరెంటుతో పనిచేసే బూస్టు కంట్రోలరు పెడితే కంపెనీ క్లచ్ బతుకుతుందా, కుళాయితోనే తక్కువ పెట్టుకుంటే చాలదా, అలా పెట్టుకుంటే ఇక ఆ కారెందుకు, ఇదంతా అడుగుతోంది. ఫోన్ పెట్టేశాక డేనియల్ మంచం మీద నుంచే అడిగాడు.

"ఏందే పాపా, బూస్టు బూస్టు అంటాండావ్? పాలల్లో కలుపుకునేదా?"

ఆమెకు నవ్వు రాలేదు. పక్కన కూర్చుని మొదటి నుంచి చెప్పింది. పొగ, ఫ్యాను, తలుపు, కుళాయి. చెబుతూ ఉంటే కొంత ఆమెకే తెలిసివచ్చింది. రెండు క్లచ్‌ల సంగతి చెప్పింది. దినేశ్ అన్న రెండు మాటలూ చెప్పింది. మోకాలి మాట దగ్గర డేనియల్ కిటికీ వైపు తిరిగాడు.

"తోలమని వాడు నన్నెప్పుడూ అడగలే," అన్నాడు. "అడిగింటే ఎక్కుదునో లేదో, అదీ తెల్దు."

"మరి ఏం చేద్దాం నాయనా?"

"రేప్పొద్దున నేనూ వస్తా."

డేనియల్ షెడ్డులోకి అడుగుపెట్టగానే సుభాన్ ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు. డేనియల్ కారు చుట్టూ కుంటుతూ ఒకసారి తిరిగాడు. తలుపు తెరిచి చూశాడు. ఎడ్విన్ పొడుగు మనిషి, సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. ఆయన కూర్చోలేదు. తలుపు మెల్లగా మూసి సుభాన్‌ను అడిగాడు.

"నా గురించి ఏమన్నా అనేటోడా వాడు, నీ కాడ?"

అబద్ధం చెబితే ఆ ముసలాయన సంతోషపడేవాడు. సుభాన్‌కు అది చేతకాలేదు.

"లేదప్పా. నా కాడ ఎప్పుడూ కారు మాటలే."

డేనియల్ తల ఊపాడు. బల్ల దగ్గరకు వెళ్ళి రెండు పెట్టెలూ చూశాడు, ఏదీ ముట్టుకోలేదు.

"అయితే నా పేరు చెప్పి ఏదీ వెయ్యొద్దు. వాని పేరు చెప్పి గూడా వద్దు. వానికే తెల్దు, మనకేం తెలుస్తాది? ఎవరు తోలతారో వాళ్ళనడుగు."

"ఎవరు తోలతారు?" అన్నాడు సుభాన్.

ఇద్దరూ ప్రసన్న వైపు చూశారు. అమ్మేయ్ అన్న మనిషి ఈ మాట అంటాడని ఆమె అనుకోలేదు. తాను తోలుతుందా? రోజూ బస్సులో పోయే మనిషి. ఈ కారును ఉంచుకోవాలని ఇంతవరకు అనుకోనేలేదు. కానీ అమ్మాలని కూడా ఒక్కసారీ అనుకోలేదని అప్పుడు తట్టింది. బైపాస్ మీద వీపు సీటుకు అతుక్కోవడం గుర్తొచ్చింది. పిక్క వణికినదీ గుర్తొచ్చింది.

"కంపెనీది వెయ్యన్నా," అంది.

"పక్కానా?"

"పక్కా. ఆ కుళాయి పూర్తిగా తగ్గించేయ్. మళ్ళ పాడైతాదేమోనని నాకు భయం."

"కరెంటుది?"

"వద్దు. ఇదే నాకు ఇప్పుడిప్పుడు అర్థమైతాంది."

సుభాన్ బటన్ ప్లేటు పెట్టె మూసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఆళ్ళగడ్డ తీసుకుపోయి దినేశ్‌కు ఇచ్చి ఎవరికైనా అమ్మమంది. అమ్మాడో దాచుకున్నాడో మళ్ళీ అడగలేదు.

కారు సిద్ధమైన రోజు డేనియల్ కూడా నంద్యాల వచ్చాడు. ప్రసన్న సీటు ముందుకు జరుపుకుంది. ఎంత జరపాలో దొరకక రెండు మూడుసార్లు ముందుకూ వెనక్కూ జరిపింది. డేనియల్ పక్క సీట్లో కూర్చుని మోకాలు చాపుకున్నాడు. క్లచ్ మెత్తగా దిగింది. శ్రీనివాసా సెంటర్‌లో ఒక్కసారి కూడా ఆగలేదు. ఊరు దాటాక ఆళ్ళగడ్డ రోడ్డు ఎక్కారు. ముందు నాపరాళ్ళు వేసుకుని ఒక లారీ పోతోంది. ఎదురుగా ఖాళీ చూసుకుని ఆమె తొక్కింది. కారు వెళ్ళింది. వెళ్ళింది అంతే. లారీని దాటడానికి చాలాసేపు పట్టింది. ఎదురుగా ట్రాక్టరు కనిపించేసరికి డేనియల్ చెయ్యి డాష్‌బోర్డు మీదకు పోయింది.

లారీని దాటి తిరిగి ఎడమవైపుకు వచ్చాక ఆమె వేగం తగ్గించింది.

"ఇంతేనా ఇది?" అన్నాడు డేనియల్. "దీనికేనా వాడు అంత పిచ్చిపట్టినట్ల తిరిగింది?"

"కాదు నాయనా. నేనే తగ్గించమన్నా."

"ఎంత?"

"మొత్తం."

శిరివెళ్ళ దాటాక ఆయన మెల్లగా అన్నాడు.

"కొంచెమన్నా పెట్టించుకోవాల్సింది, పాపా."

ప్రసన్నకు నవ్వొచ్చింది. ఎడ్విన్ పోయాక అదే మొదటిసారి. నవ్వుతూనే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చి, బండి పక్కకు ఆపింది. లారీ వాళ్ళను దాటుకుని ముందుకు పోయింది.

రెండు రోజుల తర్వాత డ్యూటీ దిగి కారులోనే సుభాన్ షెడ్డుకు వెళ్ళింది. సుభాన్ కంగారుపడ్డాడు. "ఏమైందమ్మా? జారతాందా?"

"జారడంలేదన్నా. లాగడంలేదు. కొంచెం పెంచు."

"కొత్త ప్లేటు గదా, కొంచెమైతే పట్టుకుంటాది. ఎక్కువైతే మళ్ళ మొదటికొస్తాది. ఎంత పెంచల్ల?"

"నాకు తెల్దు. నువ్వు కొంచెం కొంచెం తిప్పు. నేను తోలి చెప్తా."

సుభాన్ బానెట్ ఎత్తి ఇత్తడి మరను రవ్వంత తిప్పాడు. ఆమె బైపాస్ దాకా పోయి వచ్చి చాల్లేదంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ పోయి వచ్చింది. ఈసారి మొహం కొంచెం ఎర్రబడి ఉంది. ఇంకొద్దిగా అంది. అలా తిరుగుతూ ఉండగా పొద్దు వాలింది. చివరిసారి వచ్చాక ఇంజన్ ఆపకుండానే కిటికీలోంచి తల బయటపెట్టి "చాలన్నా" అంది. సరైనదేనా అని సుభాన్ అడిగితే, "ఏమో, ఇప్పటికి ఇది చాలు" అని గేరు వేసి ఆళ్ళగడ్డ వైపు తిరిగింది.